ముందు ఎవరి జేబులో చెయ్యి పెడతారు?

"పర్యావరణం కావాలా, పేదవాడి బతుకు కావాలా" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. ఈ రోజు ఆ ప్రశ్న రెండుసార్లు వినాల్సి వచ్చింది, పొద్దున ఆఫీసులో ఒకసారి, రాత్రి తమ్ముడి ఫోన్‌లో ఇంకోసారి. నిద్ర ముంచుకొస్తున్నా అందుకే కూర్చుని రాస్తున్నాను, రేపటికి వదిలేస్తే ఈ ఊపు ఉండదు.

ఆఫీసులో మాట మొదలైంది పెట్రోలు మీద కార్బన్ పన్ను గురించి, అంటే ఇంధనం కాలిస్తే వచ్చే కర్బనాన్ని బట్టి వేసే పన్ను. మా సీనియర్ ఒకాయన ఉన్నారు, మంచి మనిషి, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. "ఇవన్నీ కడుపు నిండినవాళ్ల కబుర్లు మేడమ్, ఫ్రాన్స్‌లో ఏమైందో చూశారుగా" అన్నారు. చూశాను. 2018 నవంబరులో పసుపు జాకెట్లు వేసుకుని జనం రోడ్ల మీదికి వచ్చారు, కూడళ్లలో బైఠాయించారు. కొత్త సంవత్సరం నుంచి డీజిల్ మీద లీటరుకి 6.5 సెంట్లు పన్ను పెరగాల్సింది, డిసెంబరు తిరక్కుండానే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఇంతవరకూ ఆయన చెప్పిందే. ఆయన చెప్పని సగం ఏమిటంటే, అదే ఏడాది అక్కడ సంపద పన్నుని ఎత్తేసి, స్థిరాస్తికి మాత్రమే వర్తించే పన్ను ఒకటి దాని స్థానంలో పెట్టారు. అంటే షేర్లు, బాండ్లు ఉన్నవాడికి పన్ను పోయింది, ఊరికి దూరంగా ఉండి, బస్సు లేక, సొంత కారులో డ్యూటీకి వెళ్లేవాడికి డీజిల్ భారం పెరిగింది. పైగా ఇంధన పన్ను నుంచి వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం మామూలు బడ్జెట్‌లో కలిసిపోయేది, ఇళ్లకి తిరిగి వచ్చేది కాదు. ఆ మనిషికి కోపం రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ వస్తే ఎందుకు? "లోకం అంతమైనా, నెలాఖరైనా, పోరాటం ఒక్కటే" అని అప్పట్లో అక్కడ ఒక నినాదం కూడా నడిచింది, నెలాఖరంటే జీతం అయిపోయే రోజులు. వాతావరణం గురించి పట్టనివాళ్లు ఇచ్చే నినాదం కాదు అది. సీనియర్ గారికి ఇదంతా చెప్పాను, ఆయన తల ఊపారు, ఒప్పుకున్నారో లేదో తెలీదు, ఈలోగా మీటింగ్‌కి పిలుపు వచ్చింది.

మధ్యాహ్నం పని మీద బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఎండ కళ్లలో గుచ్చుతోంది. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ నీడలో ఒక డెలివరీ కుర్రాడు బండి ఆపుకుని, హెల్మెట్ తలకిందులుగా పట్టుకుని, లోపలి స్పాంజిని వేళ్లతో నొక్కి చెమట పిండుతున్నాడు. నిజంగానే చుక్కలు పడ్డాయి. ఫోన్ మోగింది, తడి వేలితో రెండు మూడుసార్లు నొక్కినా స్క్రీన్ తీసుకోలేదు, చొక్కాకి తుడుచుకుని మళ్లీ నొక్కాడు, అదే తడి హెల్మెట్ తలకి తగిలించుకుని ఎండలోకి వెళ్లిపోయాడు.

ప్రపంచంలో పనిచేసేవాళ్లలో 70 శాతానికి పైగా, అంటే సుమారు 240 కోట్ల మంది, పనిలో విపరీతమైన వేడికి గురవుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో చెప్పింది. ఆ అంకె చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు, పెద్ద అంకెలన్నీ అంతే, ఆ స్పాంజిని చూశాకే అది నాకు ఎక్కింది. ఇంకో లెక్క కూడా ఉంది, పేదరికం మీద పనిచేసే ఆక్స్‌ఫామ్ అనే సంస్థ 2023లో ఇచ్చింది: 2019లో ప్రపంచంలోని అత్యంత ధనికులైన 1 శాతం మంది వదిలిన కర్బన ఉద్గారాలు, అడుగున ఉన్న 500 కోట్ల మంది అందరూ కలిసి వదిలినంత. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే ఇక చర్చ దేని గురించి? వేడి చేసినవాడొకడు, ఆ వేడిలో నిలబడేవాడు ఇంకొకడు. ఇప్పుడు పరిష్కారం పేరు చెప్పి పెట్రోలు మీద పన్ను వేస్తే అదీ ఈ కుర్రాడి జేబులోంచే పోతుంది, బండిలో పోసేది వాడి సొంత డబ్బే కాబట్టి. నా బాధ పన్ను వేస్తున్నందుకు కాదు. పన్ను అవసరమే. ఆ డబ్బు ఎక్కడికి పోతోందో, ఎవరికి ఎప్పుడు తిరిగి వస్తోందో చెప్పకుండా వేయడం మీదే నా కోపమంతా.

వేడిలో పని ఆపించే చట్టాలు కొన్నిచోట్ల వచ్చాయి. ఎండ, తేమ, గాలి అన్నీ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఆరుబయట పని ఆపాలని ఖతార్ 2021లో రూలు పెట్టింది. మంచిదే. కానీ పని ఆగిన గంటలకి కూలి ఎవరిస్తారు? డెలివరీకి ఇంత అని లెక్కగట్టి డబ్బిచ్చే ఉద్యోగంలో ఆగడమంటే పస్తులే. ఆ ఒక్క వాక్యం చట్టంలో లేకపోతే మిగతాదంతా వాడికి పనికిరాదు.

రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. కాలేజీలో వాళ్లకి డిబేట్ పెట్టారట, ఇంధన సబ్సిడీలు ఎత్తేయాలా వద్దా అని. వీడు వద్దు అనే వైపు. "అక్కా, ఎత్తేస్తే చచ్చేది పేదవాడే కదా" అన్నాడు. సగం నిజం. ధర తగ్గించి ఇచ్చే సబ్సిడీ ఎవడు ఎక్కువ కాలిస్తే వాడికే ఎక్కువ పోతుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇంధన సబ్సిడీ లాభం పైనున్న 20 శాతం మందికి, అడుగునున్న 20 శాతం మందితో పోలిస్తే సగటున ఆరు రెట్లు అందుతోందని అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) ఆర్థికవేత్తలు ఎప్పుడో లెక్కగట్టారు. అలాగని అన్నిటినీ ఒక గాటన కట్టేయకూడదని కూడా చెప్పాను. వంటగ్యాస్ కూడా శిలాజ ఇంధనమే, కానీ పొయ్యి పొగ పీల్చే ఆడవాళ్లకి, పిల్లలకి అది ఊపిరితిత్తుల సంగతి. ఇళ్లలోని పొగ వల్ల 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ సిలిండర్నీ పెద్ద కారు ట్యాంకునీ ఒకే తక్కెడలో తూచడం అన్యాయం.

వాడికి నేను ఎక్కువసేపు చెప్పింది ఇరాన్ గురించి. ఒకే దేశం, అదే పెట్రోలు, రెండుసార్లు ధర పెంచారు, రెండుసార్లూ వేరే వేరేగా జరిగింది. 2010 డిసెంబరులో పెట్రోలు, డీజిల్, కరెంటు, రొట్టె, అన్నిటి మీదా సబ్సిడీ కోశారు, కొన్ని ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. కానీ అంతకుముందే ఇంటింటి పేరునా బ్యాంకు ఖాతాలు తెరిపించి, మనిషికి నెలకి 45,500 తుమాన్ల (తుమాను ఇరాన్ డబ్బు) లెక్కన వేశారు. ఖాతాలో కనిపిస్తుంది గానీ తీసుకోవడానికి రాదు, కొత్త ధరలు అమల్లోకి వచ్చిన రోజునే తాళం తీశారు. ధర పెరిగిన రోజుకే చేతిలో డబ్బుంది. వీధుల్లో పెద్ద గొడవలేమీ జరగలేదు. 2019 నవంబరులో మాత్రం అర్ధరాత్రి చెప్పాపెట్టకుండా పెట్రోలు ధర పెంచేశారు, నెలకి ఇంత అని పెట్టిన కోటా దాటితే ఏకంగా మూడింతలు. 6 కోట్ల మందికి డబ్బు పంచుతామని అప్పుడూ అన్నారు, కానీ తర్వాత ఇస్తామన్నారు. దేశమంతా భగ్గుమంది, ఇంటర్నెట్ ఆపేశారు, కాల్పుల్లో వందల మంది చనిపోయారు. ఆంక్షలూ నిరుద్యోగమూ అప్పటికే జనాన్ని పిండేస్తున్నాయి, ప్రభుత్వం మీద వేరే కోపాలూ ఉన్నాయి, పెట్రోలు ఒక్కటే కారణమని నేననను. అయినా "ముందు ఇచ్చి తర్వాత తీసుకోవడం", "ముందు తీసుకుని తర్వాత ఇస్తాననడం", ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం ఎంతటిదో ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనిపించదు.

వాడు ఊరుకుంటాడా. "ఆ డబ్బు విలువ ఉంటుందా అక్కా తర్వాత?" అన్నాడు. మంచి ప్రశ్న, నాకు సంతోషమేసింది. ఉండలేదు. ఇరాన్‌లో ద్రవ్యోల్బణం ఆ 45,500ని కొన్నేళ్లలోనే కరిగించేసింది, మొత్తం మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంచేశారు. ధరలతో పాటు పెరగాలని చట్టంలో రాయకపోతే ఏ నగదు సాయమైనా ఇంతే.

ఇచ్చేది కనబడేలా ఇవ్వాలి కూడా. కెనడాలో 2019 నుంచి ఇంధనం మీద కార్బన్ ఛార్జీ వేసి, అందులో 90 శాతం దాకా కుటుంబాలకే తిరిగి ఇచ్చారు. నేరుగా కట్టిన పన్ను వరకే చూస్తే ఎక్కువ కుటుంబాలకి కట్టినదానికన్నా ఎక్కువే వెనక్కి వచ్చింది. మొదట్లో అది ఆదాయపు పన్ను లెక్కల్లో ఎక్కడో కలిసిపోయేది, తర్వాత ఖాతాలో పడేది, కానీ చాలామందికి ఏ డబ్బు ఎందుకు పడిందో అర్థమయ్యేది కాదు. పంపు దగ్గర కట్టేది మాత్రం ప్రతిసారీ కనిపిస్తుంది. చివరికి 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ ఛార్జీనే సున్నా చేసేశారు. ఆస్ట్రియాలో ఇంకోలా జరిగింది. కార్బన్ పన్ను డబ్బుని జనానికి తిరిగిచ్చే క్లైమేట్ బోనస్‌ని 2022లో మొదలుపెట్టారు, 2023 నుంచి బస్సులు, రైళ్లు సరిగా లేని ప్రాంతాల వాళ్లకి కాస్త ఎక్కువ వచ్చేలా చేశారు, నాకు బాగా నచ్చిన పద్ధతి అది, 2025లో పొదుపు పేరు చెప్పి బోనస్ తీసేశారు, కార్బన్ ధర మాత్రం ఉంచారు. ఇలా చేస్తే ఇంకోసారి ఎవరు నమ్ముతారు?

ఫోన్ పెట్టేశాక కూడా ఒక విషయం నన్ను వదలడం లేదు. బస్సులో పోసే డీజిల్ మీద చాలా దేశాల్లో ఏదో ఒక పన్ను ఉంది. అంతర్జాతీయ విమానాల్లో పోసే ఇంధనం మీద మాత్రం చాలావరకు లేదు, విమానయానం మీద దేశాలన్నీ చేసుకున్న 1944 నాటి షికాగో ఒప్పందం, ఆ తర్వాత దేశాలు తమలో తాము రాసుకున్న ఒప్పందాలు దాన్ని కాపాడుతూ వస్తున్నాయి. బిజినెస్ క్లాసు టికెట్ల మీదా ప్రైవేట్ జెట్ల మీదా లెవీ (అదనపు పన్ను) వేద్దామని 2025 జూన్ చివర్లో సెవిల్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో ఫ్రాన్స్, స్పెయిన్, కెన్యా, బార్బడోస్ ఇంకా కొన్ని దేశాలు ఒక కూటమి కట్టాయి. చిన్న అడుగే, ఇంకా ఎంతో జరగాలి, కానీ వరుస సరైనది. ముందు ఆ టికెట్టు మీద వేయండి, ప్రైవేట్ జెట్ మీద వేయండి, వచ్చిన డబ్బుతో బస్సులు కొనండి, ఎండలో పని ఆపిన గంటలకి కూలి ఇప్పించండి. ఇవన్నీ అయ్యాక, కావాలంటే, బండి మీద తిరిగే ఆ కుర్రాడి దగ్గరికి రండి, అదీ వాడి ఖాతాలో ముందు డబ్బు వేసి.