ఫాల్ రిస్క్ ప్రశ్నల్లో మార్కులు ఎక్కడ పోతాయంటే

నర్సింగ్ పోటీ పరీక్షలకు చదివేవాళ్లలో చాలామంది ఫాల్ రిస్క్ (పేషెంటు పడిపోయే ముప్పు) అంటే ‘మోర్స్ స్కేల్ (ఆ ముప్పుకు మార్కులు వేసే పట్టిక), 45 దాటితే హై రిస్క్’ అని ఒక్క ముక్క బట్టీపట్టి పేజీ తిప్పేస్తారు. కేసు ఇచ్చి స్కోరు వేయమంటే ఆ ముక్క అక్కరకు రాదు. పైగా 45 అన్ని చోట్లా ఒకటే కాదు, వార్డును బట్టి హాస్పిటళ్లు కటాఫ్ మార్చుకుంటాయి. ప్రశ్నలో కటాఫ్ ఇస్తే దాన్నే పట్టుకోండి.

నేను పట్టిక చదవడం మానేసి, డ్యూటీలో కనబడ్డ ప్రతి పేషెంటుకీ మనసులో స్కోరు వేసేదాన్ని. మోర్స్ స్కేల్లో ఉన్నవి ఆరే అంశాలు. ఈమధ్య, అంటే మూడు నెలల్లోపు పడి ఉంటే 25. రెండో జబ్బు ఉంటే 15. సెలైన్ ఎక్కుతున్నా, కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) ఉన్నా 20. నడక బలహీనంగా ఉంటే 10, బాగా దెబ్బతింటే 20. చేతికర్ర, వాకర్ లాంటివి వాడితే 15, కానీ ఫర్నిచర్ పట్టుకుని నడిస్తే 30. నర్సు పట్టుకుని నడిపిస్తే మాత్రం సున్నా! మొదట ఇది వింతగా అనిపిస్తుంది గానీ, పక్కన మనిషి ఉన్నప్పటి సంగతి వేరు, కదిలే స్టూలును నమ్ముకున్నప్పటి సంగతి వేరు.

ఆరోది మానసిక స్థితి. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. తేదీ, ఊరు, పేరు సరిగ్గా చెప్పాడు కాబట్టి సున్నా అని వేసేస్తారు. స్కేల్ అడిగేది అది కాదు, తన శక్తి ఎంతో తనకు తెలుసా అని. తెలియకపోతే 15. ఈ కేసు చూడండి. షుగర్ ఉన్న పెద్దాయన, నిమోనియాతో చేరాడు. చేతికి కాన్యులా. ఎప్పుడూ పడలేదు. తల వంచుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ, మంచం అంచు, లాకరు గట్టిగా పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్తున్నాడు. సాయం లేకుండా లేవొద్దని చెప్పి ఉన్నా, “నాకేం, నేనే వెళ్లొస్తా” అంటాడు. లెక్క వేయండి: 0, 15, 20, 20, 30, 15. మొత్తం 100. ఒక్కసారీ పడని మనిషికి! ఇందులో వయసుకు మార్కులు లేవు, ఆప్షన్లలో వయసు కలిపిన మొత్తం ఒకటి కనిపిస్తే టెంప్ట్ అవ్వకండి.

పిల్లలకు హంప్టీ డంప్టీ స్కేల్, 12 నుంచి హై రిస్క్. పెద్దవాళ్లకు వాడే మరో స్కేల్ హెండ్రిచ్ II లో 5 నుంచి. వీటికి ఇంతకంటే టైమ్ పెట్టక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక ‘నర్సు మొదట ఏం చేయాలి’ రకం. పేషెంటును కట్టేయడం, మంచం పక్కలనుండే నాలుగు రైల్స్ (అడ్డుకడ్డీలు) పైకెత్తడం సాధారణంగా తప్పు ఆప్షన్లే. రైల్స్ మీదుగా దిగబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు. మంచం కిందికి దించి బ్రేకులు వేయడం, కాల్ బెల్ చేతికి అందేలా పెట్టడం, అడక్కముందే బాత్రూమ్‌కి తీసుకెళ్లడం, వీటివైపు మొగ్గండి. లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతే ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్, ఈ అంకెలు నేరుగానే అడుగుతారు. పేషెంటు అప్పటికే నేలమీద కనిపిస్తే లేపి మంచం ఎక్కించే ఆప్షన్ జోలికి పోవద్దు. ముందు అక్కడే స్పృహ, శ్వాస, దెబ్బలు చూడాలి. రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నాడని కేసులో ఒక మాట ఉంటే, తలలో రక్తస్రావం గురించే అడగబోతున్నారు.