పన్నెండేళ్ల నాతో

మూడు వారాలుగా ఒకే కథ రాస్తున్నాను. కాలం చెదిరిపోయిన గదిలో ఒకామె పన్నెండేళ్ల వయసులోని తనను తాను కలుసుకుంటుంది. ఈ ఊహకు ఆధారం ఉంది. 1949లో గణిత శాస్త్రవేత్త కర్ట్ గోడెల్ ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సమీకరణాలకు ఒక పరిష్కారం కనుగొన్నాడు. అందులో గతంలోకి దారులున్నాయి. అయితే విశ్వమంతా తిరుగుతూ ఉండాలి. మన విశ్వంలో ఆ జాడ లేదు. అందుకే ఆ భ్రమణాన్ని నా కథలో ఒక్క గదికే కుదించాను.

అక్కడివరకు తొందరగానే సాగింది. ఆ పిల్ల దగ్గరే కలం ఆగింది. చూపుడువేలి మీద సిరా మరక, కొరికిన గోళ్లు, జడ విప్పి మళ్లీ అల్లుకునే అలవాటు, అన్నీ నావే. "అమ్మ బాగుందా?" అని అడిగే చోట నాలుగు రోజులు కూర్చున్నాను. అబద్ధం చెప్పించడానికి మనసొప్పలేదు. ఇప్పుడు కథలోని ఆ స్త్రీ జవాబివ్వదు. సగం విప్పిన ఆ జడను చేతిలోకి తీసుకుని మెల్లగా అల్లుతుంది.