పాపారాయుడికి నిమిషంన్నర

"ఆపేశావేంట్రా? తాండ్ర పాపారాయుడు ఇంకా రాజాంలోనే ఉన్నాడు!"

మండపేటలో ఈ సాయంత్రం బుర్రకథ చెప్పే మా పెదనాన్న కేక ఇది. "రీల్ కదా తాతయ్యా, నిమిషంన్నర చాలు" అన్నాడు మా అన్నయ్య కొడుకు ఫోన్ దించుతూ.

బుర్రకథ పందిట్లో అయితే 1757 నాటి బొబ్బిలి యుద్ధం తెల్లారేదాకా తెగేది కాదు. ఆ ఏటి ధాన్యం ధర, కాలవకి నీళ్లు వదలని సంగతి, ఊళ్లో పెద్దల మీద సెటైర్లు అన్నీ రాజకీయం చెప్పే వంత నోట్లోంచి మధ్యలో దూరిపోయేవి.

రేడియోకి అదే కథ అరగంట. అడుగులు కనపడవు కాబట్టి గుర్రం డెక్కల్ని చేతి అందెలతోనే పలికించారట. తర్వాత క్యాసెట్. పాపారాయుడికి కబురు వెళ్లే ఘట్టం సరిగ్గా మొదటి వైపు అయిపోయే చోట పడేలా కొలుచుకున్నారు. తిప్పి వేయకుండా ఎవడుంటాడు! నన్నడిగితే పెదనాన్న తెలివంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఫోన్ నిలువుగా పెడితే ఒక్కరే పడుతున్నారు. తందాన తాన వినిపిస్తోంది, వంతలు లేరు. నాకు నచ్చలేదు, చెప్పాను కూడా.

పెదనాన్న కాసేపు తంబురా మీటి ప్రార్థన తీసేశారు. కోట ముట్టడీ తీసేశారు. సూటిగా విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలో, పాపారాయుడి బాకుతో మొదలెట్టారు.

"ముందు పొడిచేద్దాం. ఎందుకు పొడిచాడో కావాలంటే రెండోదాన్లో చూస్తారు."

వంతలిద్దరూ పట్టేలా ఫోన్ మాత్రం అడ్డంగా తిప్పాల్సిందేనంటారు. మావాడు ఒప్పుకోవట్లేదు. బేరం ఇంకా నడుస్తోంది.