తేమ పేచీ

పొద్దున్నే గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన వచ్చారు. విజయవాడలోని ఒక కారం మిల్లుకు నిరుడు తేజ రకం తోలారు. 18 లక్షలు బాకీ. కూర్చోగానే చిన్న సంస్థల నమోదుకు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, "దీంతో బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ వస్తుందట కదండీ!" అన్నారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టంలో ఆ వడ్డీ ఉన్న మాట నిజమే. కానీ అది తయారీదారులకు, సేవలు అందించేవాళ్లకు. కొని అమ్మే వ్యాపారులకు 2021 జులైలో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇచ్చినా, బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే. ఆయన మొహం చిన్నబోయింది. ఈ వాట్సాప్ ఫార్వర్డులకు జవాబు చెప్పడమే సగం ప్రాక్టీసైపోయింది నాకు.

పదకొండింటికి మీడియేషన్, అంటే మధ్యవర్తి ముందు రాజీ చర్చలు. 3 లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య తగాదాలో అత్యవసర ఉత్తర్వులు అడగనప్పుడు, దావాకు ముందు ఇది తప్పనిసరి. పాటిల్ ఆటోమేషన్ కేసులో 2022లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. అయినా మా లాయర్లలో చాలామందికి ఇదొక తంతు. అవతలివాళ్లు రారు, చర్చలే మొదలు కాలేదని నాన్‌స్టార్టర్ రిపోర్టు తెచ్చుకుని దావా వేస్తాం. ఈ మిల్లాయన మాత్రం వచ్చారు.

తేమ ఎక్కువుందట, తాలు కలిసిందట. మరి సరుకు దించుకున్న రోజే ఎందుకు చెప్పలేదని మీడియేటర్ అడిగితే, "మిల్లు ఆపుకోలేం కదండీ" అన్నారు. మిర్చి కారమై, ప్యాకెట్లై అమ్ముడైపోయింది కూడా. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం ఇక సరుకు వద్దనడానికి లేదు. నాణ్యత తగ్గిందని రుజువైతే ధరలో కోత అడగొచ్చు, అంతే. అది వాళ్ల లాయరుకూ తెలుసు. అక్కణ్ణుంచి మాటలు సెక్షన్లు వదిలి క్వింటాకు ఎంత కోత అన్న బేరంలోకి దిగాయి. మిల్లాయన 900 అన్నారు, మా క్లయింటు 300 దగ్గర కూర్చున్నారు. నాకైతే ఇదే నయమనిపించింది. ఎంత తేమకు ఎంత తరుగు తీయాలో వాళ్లిద్దరికీ తెలిసినట్టు జడ్జి గారికి తెలియదు, నాకసలే తెలియదు. పైగా ఇక్కడ కుదిరిన రాజీకి ఆర్బిట్రేషన్ అవార్డుతో (ఆర్బిట్రేటరు ఇచ్చే తీర్పుతో) సమానమైన బలం ఉంటుంది. శుక్రవారానికి వాయిదా పడింది.

మధ్యాహ్నం మా క్లయింటు ఫోన్ తీసుకుని వాట్సాప్ మొత్తం విన్నాను. విన్నాను అనే అనాలి. ఒప్పంద పత్రం లేదు, అంతా వాయిస్ మెసేజీలే. లారీ దిగిన మర్నాడు మిల్లాయన గొంతు: "సరుకు బాగుందన్నా, ఇంకో వంద టిక్కీలు (బస్తాలు) పంపు." ఇది ముందే ఎందుకు చెప్పలేదండీ అంటే, "మాటే కదా సార్, కాగితం కాదు కదా" అన్నారు!

రాజీ కుదరకపోతే ఆ మెసేజీయే మాకు ఆధారం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో, ఇలాంటి ఎలక్ట్రానిక్ ఆధారానికి జతచేయాల్సిన సెక్షన్ 63 సర్టిఫికెట్‌కు రెండు భాగాలు. ఒకటి మా క్లయింటు ఇస్తారు. రెండోది, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే, వేలిముద్రలాంటి కోడ్‌తో) సహా, నిపుణుడు ఇవ్వాలి. ఫోన్ మార్చొద్దని, చాట్ చెరపొద్దని రెండుసార్లు చెప్పి పంపాను. ఆ రెండో సంతకం పెట్టే మనిషిని శుక్రవారంలోపు పట్టుకోవాలి.