పాలకేంద్రం దగ్గర బీపీ మిషన్

గుండె జబ్బుల మీద పనిచేసే ఓ స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఈరోజు దేవరకొండ దగ్గర మా ఊరికొచ్చారు. క్యాంపుకి ఎవరూ రారని ముందే తెలుసేమో, పొద్దున్నే పాలకేంద్రం దగ్గరే కుర్చీ వేశారు. మంచి తెలివి! పాలు పోసినోళ్లంతా చెయ్యి చాపారు. 140/90 దాటితే మళ్లీ చూపించుకోమని పీహెచ్‌సీకి చీటీ.

"నొప్పే లేదు బిడ్డా, గోలీలెందుకు?" అని మా పెద్దనాయన వాదన. బీపీ ఎక్కువున్నా చాలామందికి ఏమీ తెలియదు, అదే కదా అసలు టెన్షన్. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఓ చిన్న చెంచా దాటొద్దన్నారు. మా ఇంట్లో మామిడి తొక్కుకే సరిపోదు అది!

గుండె ఆగిపోయినోళ్లకి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే సీపీఆర్ కూడా బొమ్మ మీద నేర్పారు. ముందు 108కి ఫోన్, తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. కాసేపటికే చేతులు లాగేశాయి.

గోలీలు మధ్యలో ఆపేసినవాళ్ల ఇళ్లకు ఆశా అక్కతో కలిసి వచ్చే నెల మళ్లీ వెళ్తారట. నాకైతే ఈ క్యాంపు కన్నా అదే పెద్ద పని అనిపించింది.