అమ్మకు రెండు మొదటి డోసులు: నా అనుభవం

అరవై ఏళ్లు దాటినవారికి కోవిడ్ టీకా 2021 మార్చి 1న మొదలైంది. చెన్నై పెరంబూరులో మా ఇంటినుంచి నడిచి వెళ్లగలిగే దూరంలోనే కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రం ఉంది, తొలివారాల్లో అక్కడ పెద్దగా రద్దీ కూడా లేదు. అయినా డెబ్బై దాటిన మా అమ్మను అక్కడికి తీసుకువెళ్లేసరికి ఏప్రిల్ చివరి వారం వచ్చింది. అమ్మకు షుగరు, బీపీ ఉన్నాయి. రక్తం పలుచగా ఉంచే మాత్ర కూడా వేసుకుంటుంది. ఆ మాత్ర వేసుకునేవారు సూది వేయించుకోకూడదని ఒకరు, పది రోజులు మాత్ర ఆపి వేయించుకోవాలని మరొకరు చెప్పడంతో ఆమె రెండు సలహాలనూ నమ్మి, ఏదీ చేయకుండా కూర్చుంది.

ఈ సందిగ్ధం నడుస్తుండగానే తమిళ నటుడు వివేక్ మరణవార్త వచ్చింది. జనానికి ధైర్యం కలిగించాలని ఏప్రిల్ 15న ఆయన అందరి ఎదుట టీకా వేయించుకున్నారు, 17వ తేదీన గుండెపోటుతో మరణించారు. గుండె రక్తనాళం మూసుకుపోవడమే కారణమని, టీకాతో సంబంధం లేదని వైద్యులు వెంటనే చెప్పారు. ఆ తరువాత కేంద్ర నిపుణుల కమిటీ కూడా అదే తేల్చింది. కానీ కమిటీ నివేదికకు పట్టే నెలలు వదంతికి అక్కరలేదు. మా వీధిలో వెళ్దామనుకున్నవారు కూడా ఆగిపోయారు.

అమ్మ మనసు మార్చింది నేను కాదు, జ్వరాల సర్వేకు ఇంటింటికీ తిరిగే కార్పొరేషన్ కార్యకర్త. ఆ అమ్మాయిది కూడా తెలుగు ఇల్లే. అమ్మ యాభై ఏళ్లుగా చెన్నైలో ఉంటూ బజారులో తమిళం ధారాళంగా మాట్లాడుతుంది గానీ, ఒంట్లో బాగులేని సంగతి మాత్రం తెలుగులో తప్ప చెప్పదు. ఆటోలో మైకు పెట్టి ఎన్నిసార్లు ప్రకటించినా, అడగాలనుకున్న ప్రశ్న అడిగే వీలు మైకులో ఉండదు కదా!

"అవ్వా, డాక్టరు ఇచ్చిన మాత్ర ఏదీ ఆపొద్దు. సూది వేసే నర్సమ్మకు ముందే ఆ సంగతి చెప్పు, వేశాక దూది కాస్త ఎక్కువసేపు అదిమి పట్టుకో," అంది ఆ అమ్మాయి. "మరి నువ్వు వేయించుకున్నావా?" అని అమ్మ అడిగింది. "రెండూ అయిపోయాయి అవ్వా, మాకు ముందే వేశారు." మరునాడు మా డాక్టరు కూడా ఫోనులో అదే మాట చెప్పిన తరువాత అమ్మ బయలుదేరింది.

కేంద్రంలో పని సులువుగానే సాగింది. ఆధార్ కార్డు చూసి, మా ఫోను నంబరుతో ప్రభుత్వ టీకాల పోర్టల్ అయిన కోవిన్‌లో పేరు నమోదు చేసి, బీపీ చూసి, ఎడమ చేతికి కోవిషీల్డ్ వేసి అరగంట కూర్చోబెట్టారు. ఆ రాత్రి కొద్దిగా జ్వరం వచ్చి, పారాసిటమాల్‌తో తగ్గింది.

చిక్కంతా రెండో డోసుతో వచ్చింది. ఆరునుంచి ఎనిమిది వారాల్లో రమ్మని చెప్పారు గానీ, మే 13న ఆ వ్యవధిని 12 నుంచి 16 వారాలకు పెంచారు. వ్యవధి ఎక్కువైతే రక్షణ మెరుగ్గా ఉంటోందని బ్రిటన్ అనుభవాన్ని బట్టి తెలుస్తోందని ప్రభుత్వం చెప్పినా, కొరత తీవ్రంగా ఉన్న సమయంలో ఆ మాట రావడంవల్ల మా వీధిలో దాన్ని నమ్మినవారు తక్కువ. కారణం నిజమైనదే అయినా, చెప్పిన సమయం దాన్ని సాకుగా మార్చేసింది.

గడువు పూర్తయ్యాక, నేను ఆఫీసులో ఉన్న రోజున, దగ్గరలోని బడిలో శిబిరం పెట్టారని తెలిసి అమ్మ పక్కింటి పిన్నితో కలిసి వెళ్లింది. చేతిలో ఓటరు కార్డు ఉంది, ఫోను లేదు. దాంతో పిన్నిగారి నంబరు రాయించారు. కొత్త నంబరు, కొత్త గుర్తింపు కార్డు కావడంతో కోవిన్ ఆమెను కొత్త మనిషిగా భావించి, రెండో డోసును మొదటి డోసుగా లెక్కపెట్టింది. ఒంట్లోకి రెండు డోసులు వెళ్లాయి, కాగితం మీద మాత్రం ఇద్దరు మనుషులు చెరొకటి వేయించుకున్నారు.

2022 జనవరి 10 నుంచి చెన్నై సబర్బన్ రైళ్లలో రెండు డోసుల సర్టిఫికెట్ తప్పనిసరి చేసే వరకూ ఆ సంగతి మేము పట్టించుకోలేదు. సూళ్లూరుపేటలో ఉన్న పెద్దమ్మ ఇంటికి సంక్రాంతికి వెళ్లాలంటే చెన్నై సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో ఆ బండే ఎక్కాలి. ఆ పండక్కి ప్రయాణం మానుకున్నాం. రైలు సంగతి సరే, అసలు భయం వేరే ఉంది. జనవరి 10నే మొదలైన మూడో డోసు, అంటే ప్రికాషన్ డోసు, అప్పట్లో రెండో డోసు తరువాత తొమ్మిది నెలలు నిండాకే ఇచ్చేవారు. రెండో డోసే నమోదు కాకపోతే ఆ లెక్క ఎక్కడినుంచి మొదలుపెడతారు?

కోవిన్‌లో ఫిర్యాదుల విభాగం ఉందని ఆరోగ్య కేంద్రంలోని వారే చెప్పారు. ముందు పిన్నిగారి ఫోనుకు వచ్చిన ఓటీపీతో అమ్మ పేరును మా నంబరుకు మార్చుకుని, ఆ పైన రెండు మొదటి డోసు సర్టిఫికెట్లను కలపమని అభ్యర్థన పెట్టాము. రెండు చోట్లా పేరు, పుట్టిన సంవత్సరం ఒకేలా ఉండడం కలిసివచ్చింది. కొన్నాళ్లు కదలిక లేకపోయినా చివరికి రెండు తేదీలతో ఒకే సర్టిఫికెట్ వచ్చింది.

మే నెలలో ప్రికాషన్ డోసుకు ఆధార్ కార్డు, మా ఫోను రెండూ పట్టుకుని అదే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాము. తెర మీద ప్రికాషన్ డోసు అనే ఉందో లేదో నా చేత చదివించుకుని విన్నాకే అమ్మ చేయి చాచింది.