మిడ్ మనదైతే ఏమొస్తుంది?

మ్యాచ్ అయ్యాక స్కోర్‌బోర్డు తెరిస్తే, మా ఐదుగురిలో అట్టడుగున కనిపించే పేరు చాలాసార్లు నాదే. దానికి నాకేం బాధ లేదు. కౌంటర్-స్ట్రైక్ ఐదుగురు ఐదుగురితో తలపడే తుపాకుల వీడియో గేమ్. టెర్రరిస్టుల జట్టు 'ఏ' (A), 'బి' (B) అనే రెండు సైట్లలో ఒకదాంట్లో బాంబు పెట్టాలి, కాపలా జట్టు ఆపాలి. అందులో మా టీమ్‌కి కాల్స్ ఇచ్చేది, అంటే ఎవరు ఎటు వెళ్లాలో చెప్పేది నేను. స్మోకులు (పొగ గ్రెనేడ్లు) వేస్తాను, ఫ్లాషులు (కళ్లు బైర్లు కమ్మించే గ్రెనేడ్లు) వేస్తాను, ఏదో ఒక మూల అందరికంటే ముందు తల పెట్టి చూస్తాను, తరచూ అక్కడే చచ్చిపోతాను. చచ్చాక మిగతా నలుగురి ఆట చూస్తూ కూర్చోవడం తప్ప వేరే పని ఉండదు కాబట్టి నా కళ్లు రాడార్ (ఆటగాళ్లను చుక్కలుగా చూపే చిన్న మ్యాప్) మీదే ఉంటాయి. అలా చూడగా చూడగా మ్యాప్ కంట్రోల్, అంటే ఆటస్థలం మీద పట్టు గురించి నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది. అది గైడ్ వీడియోల్లో చెప్పేదానికి కాస్త తేడాగా ఉంటుంది.

ఆ వీడియోల్లో మ్యాప్‌కి రంగులు వేసి చూపిస్తారు. ఇక్కడిదాకా మనది, అక్కణ్ణుంచి వాళ్లది, ఎంత ముందుకు జరిగితే అంత మంచిది అని. జాగా ఆక్రమించడం ఒక్కటే కంట్రోల్ అయితే రౌండ్ మొదలవగానే ఐదుగురూ పరుగెత్తుకుని మధ్యలోకి వెళ్లి కూర్చుంటే సరిపోయేది. నా దృష్టిలో అసలు పని వేరు. అవతలి వాళ్లు ఉండగలిగే చోట్లను ఒక్కొక్కటే లెక్కలోంచి కొట్టేస్తూ పోవాలి. రౌండ్ మొదట్లో ఆ ఐదుగురు ఎక్కడైనా ఉండొచ్చు. నిమిషం గడిచేసరికి 'ఇక్కడ లేరు, ఇక్కడ లేరు, ఇక్కడికి రావాలంటే మన కళ్ల ముందు నుంచే రావాలి' అని నాలుగు చోట్ల గురించి ఖాయంగా చెప్పగలిగితే, మా తుపాకులు మిగిలిన రెండు వైపులకే తిరిగి ఉంటాయి. ఆ పాటికి ఒక్క కిల్ కూడా పడకపోవచ్చు. అయినా రౌండ్ మా వైపు మొగ్గినట్టే.

మిరాజ్ అనే మ్యాప్‌లో మిడ్, అంటే మధ్య భాగం తీసుకుని చూడండి. టెర్రరిస్టుల వైపు నుంచి ఆడుతున్నాం. విండోకి ఒక స్మోక్, కనెక్టర్‌కి ఒక స్మోక్ (ఇవన్నీ ఆ మ్యాప్‌లో చోట్ల పేర్లు; మిడ్ నుంచి కనెక్టర్ 'ఏ' సైట్‌కి, షార్ట్ 'బి' సైట్‌కి వెళ్లే దారులు). ఇద్దరు మిడ్‌లోకి జారతారు, ఒకడు అండర్‌పాస్ నుంచి వస్తాడు. షార్ట్‌లో ఎవరూ లేరని తేలాక, స్మోక్ పలచబడే సమయానికి ఒకడు కనెక్టర్ పట్టుకుంటాడు. ఇప్పుడు 'ఏ' సైట్‌లో కాపలా ఉన్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి. అప్పటిదాకా వాళ్లు చూసుకోవలసింది ర్యాంప్, ప్యాలెస్. ఇద్దరు మనుషులు, రెండు దారులు, లెక్క సరిపోయింది. కనెక్టర్ పోగానే పక్క నుంచి మూడో దారి తెరుచుకుంది. ఇద్దరితో అయ్యే పనికి ముగ్గురు కావాలి. ఆ మూడోవాడు బి నుంచే రావాలి. అతను కదిలితే షార్ట్, అపార్ట్‌మెంట్స్ రెండూ చూడటానికి బిలో ఒక్కడే మిగులుతాడు. కదలకపోతే 'ఏ'లో ఉన్నవాళ్లు సైట్ లోపలికి ముడుచుకుపోతారు. పైగా 'ఏ' నుంచి 'బి'కి మిడ్ మీదుగా పోయే దగ్గర దారి మూసుకుపోయింది, వాళ్ల స్పాన్ (రౌండ్ మొదలుపెట్టే చోటు) వైపు నుంచి చుట్టూ తిరిగి రావాల్సిందే. మేం ఇంకా ఒక్క సైట్‌లోనూ అడుగు పెట్టలేదు.

మిడ్ మనదైతే ఏమొస్తుందని మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాడు అడిగాడు. మిడ్‌లో బాంబు పెట్టలేం, అక్కడ నిలబడితే నాలుగు వైపుల నుంచీ బుల్లెట్లు వస్తాయి, మరెందుకు అన్నాడు. మంచి ప్రశ్న. మిడ్‌లో నిలబడటానికి కాదురా, వాళ్లు చూడాల్సిన దారుల సంఖ్య పెంచడానికి అని చెప్పాను. అర్థమైందో లేదో గానీ, ఆ తర్వాత మిడ్ మధ్యలో ఊరికే నిలబడటం మానేశాడు. నాకు అంత చాలు.

మా స్నైపర్‌తో మాత్రం ఈ విషయంలో ఎప్పుడూ గొడవే. "అన్నా, నువ్వు చెప్పే కంట్రోల్ అంతా నేను మొదటి కిల్ తెచ్చాకే కదా" అంటాడు. సగం నిజమే. ఐదుగురిలో ఒకడు పోతే వాళ్లు కాయలేని చోటు ఎక్కడో ఒకటి తప్పకుండా పుడుతుంది. కానీ ఆ చోట్లోకి మనవాడు ఒకడు అడుగు పెట్టకపోతే ఆ కిల్ స్కోర్‌బోర్డు మీద అంకె మాత్రమే. ర్యాంప్ దగ్గర కిల్ పడింది, మా నలుగురూ ఎక్కడివాళ్లు అక్కడే ఉండి "సూపర్ షాట్" అంటున్నారు. ఈలోపు అవతలి నలుగురు సర్దుకుని ఆ ఖాళీని పూడ్చేశారు. ఇలాంటివి మా పాత డెమోల్లో (మ్యాచ్ రికార్డింగుల్లో) కోకొల్లలు.

ఇక దీనికయ్యే ఖర్చు. ఏ చోటూ ఊరికే చేతిలో ఉండదు. దాన్ని కాయడానికి ఒక మనిషి కావాలి, లేదంటే ఒక గ్రెనేడ్ కావాలి. ఒక్కొక్కరికి నాలుగు గ్రెనేడ్లకు మించి ఉండవు, అందులో స్మోక్ ఒక్కటే. ఇన్ఫర్నో అనే మ్యాప్‌లో బనానా అనే దారి కోసం రెండు టీమ్‌లూ మొదటి ఇరవై ముప్పై సెకన్లలో పెట్టే ఖర్చు చూస్తే నవ్వొస్తుంది. ఆ సన్నటి వంకర దారిలో మాలొటోవ్ (నిప్పు బాంబు) మీద మాలొటోవ్, ఫ్లాష్ మీద ఫ్లాష్. ఖర్చుకు కారణం లేకపోలేదు. బనానా టెర్రరిస్టుల చేతికి వెళ్తే వాళ్లు బి సైట్ గుమ్మంలో ఉన్నట్టే, ఎప్పుడు లోపలికి దూకుతారో తెలియదు. ఒక్కడితో బి ఆగదు, ఇద్దరో ముగ్గురో కావాలి, 'ఏ' పలచబడుతుంది. అయితే బనానా గెలవడానికి మా దగ్గరున్న స్మోకులన్నీ తగలేస్తే, తర్వాత 'ఏ' సైట్ మీదకి వెళ్లేటప్పుడు లైబ్రరీ, ఆర్చ్ వైపు అడ్డం పెట్టడానికి ఏం మిగలదు. అందుకే రౌండ్ మొదట్లో నేను చెప్పే మొదటి మాట 'ఎక్కడికి వెళ్దాం' అని ఉండదు. 'ఎవరు ఏం దాచుకోవాలి' అని ఉంటుంది.

కాపలా వైపు ఆడుతూ బనానా పోగొట్టుకుంటే వెంటనే ఒక్కొక్కడే ఎదురెళ్లి తిరిగి తెచ్చుకోవాలని చూడటం చాలా టీమ్‌లకు ఉన్న జబ్బు. పోయింది పోనీండి. వెనక్కి వచ్చి, దగ్గరున్న స్మోక్‌తో, మాలొటోవ్‌తో గుమ్మం మూసెయ్యండి. స్మోక్ సుమారు 18 సెకన్లు నిలుస్తుంది, మాలొటోవ్ ఏడు సెకన్లు మండుతుంది. రౌండ్ మొత్తం ఒక నిమిషం 55 సెకన్లే. అవతలివాళ్ల గడియారం మన కోసం పరుగెడుతున్నప్పుడు మనం బుల్లెట్ కాల్చనక్కర్లేదు. ఇంత చెప్పినా మా వాళ్లకు వెనక్కి రావడమంటే నామోషీ.

ఇష్టపడి వదిలేసిన చోటు కూడా కొంతసేపు పని చేస్తుంది. మిరాజ్‌లో కాపలాకు ఉన్నప్పుడు మొదట్లోనే అపార్ట్‌మెంట్స్‌లో ఒకసారి కనబడి, నాలుగు బుల్లెట్లు కాల్చి, షిఫ్ట్ నొక్కి చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేయమని మా బి కాపలాదారుకు చెబుతాను. అతను అక్కడ లేడని అవతలివాళ్లకు తెలియదు. తెలుసుకోవడానికి ఒక ఫ్లాష్ ఖర్చు పెట్టాలి, కొంత సమయం ఖర్చు పెట్టాలి. ఖాళీ గదిలోకి వాళ్లు ఫ్లాష్ విసిరిన చప్పుడు వినిపించినప్పుడు మా వాయిస్ చాట్‌లో వచ్చే నవ్వులు క్లచ్ (మనవాడు ఒక్కడే మిగిలిన రౌండ్) గెలిచినప్పుడు కూడా రావు.

లర్క్ చేసేవాడి గురించి ఒక మాట. మిగతా నలుగురూ ఒకవైపు హడావుడి చేస్తుంటే చాప కింద నీరులా ఇంకోవైపు నుంచి జరిగేవాడు. కొత్తవాళ్లు దీన్ని ఒంటరిగా తిరుగుతూ కిల్స్ ఏరుకునే పని అనుకుంటారు. లర్కర్ కిల్ చేయకపోయినా ఫర్వాలేదు. వాళ్లు ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కి రొటేట్ అయ్యే దారిలో అతను ఉన్నాడన్న అనుమానం చాలు, మూల తిరిగే ప్రతివాడూ ఒక క్షణం ఆగి చూసి నడుస్తాడు. బాంబు పెట్టాక పేలడానికి 40 సెకన్లు, డిఫ్యూజ్ (నిర్వీర్యం) చేయడానికి కిట్ లేకపోతే పది, ఉంటే ఐదు. ఇంత బిగువైన లెక్కలో ఆ ఆగిన క్షణాలకు చాలా విలువ ఉంది.

వాలరెంట్ అనే ఇలాంటి ఇంకో ఆటలో ఈ కాపలా కొంచెం చవక. అందులోని ఏజెంట్లలో (పాత్రల్లో) సైఫర్ తీగ కట్టి పోతాడు, కిల్‌జాయ్ టరెట్ (తనంతట తానే కాల్చే తుపాకీ) పెట్టి పోతుంది, వెనకవైపు ఎవరైనా వస్తే అదే చెబుతుంది. కౌంటర్-స్ట్రైక్‌లో మనిషి చేయాల్సిన పని అక్కడ పరికరం చేస్తుంది. అందుకే అక్కడ ఏజెంట్‌ని ఎంచుకునేటప్పుడే మ్యాప్ కంట్రోల్ సగం నిర్ణయమైపోతుందని నా అనుమానం. బైండ్ మ్యాప్‌లో అసలు మిడ్డే లేదు, బదులుగా రెండు టెలిపోర్టర్లున్నాయి. ఎవరైనా వాడితే చప్పుడు వస్తుంది, కాబట్టి వాడకుండా బెదిరించడమే ఎక్కువ లాభం. నేను ఆ ఆట తక్కువ ఆడతాను, ఇంతకంటే ఎక్కువ మాట్లాడను.

ఐదుగురు ఐదుగురితో హీరోలనే పాత్రలతో తలపడి అవతలివాళ్ల బేస్ కూల్చే డోటా 2 మాత్రం నాకు ఈ విషయం నేర్పిన ఆట. అక్కడ గోడలుండవు, చీకటి ఉంటుంది. అబ్జర్వర్ వార్డ్ (చుట్టుపక్కల కనబడేలా పాతే కన్ను లాంటిది) ఆరు నిమిషాలు ఉంటుంది. ఆ ఆరు నిమిషాలు దాని చుట్టూ వెలుతురు, బయటంతా అనుమానం. అవతలి ఐదుగురిలో ముగ్గురు మ్యాప్ పైభాగంలో కనబడ్డారంటే కింది అడవిలో మన క్యారీ (చివర్లో జట్టును మోయాల్సిన హీరో) ధైర్యంగా ఫార్మ్ చేసుకోవచ్చు, అంటే డబ్బు కూడబెట్టుకోవచ్చు. ఐదుగురూ మాయమైతే ఎంత డబ్బు కళ్లెదుట ఉన్నా వెనక్కి రావాలి. రోషన్ (చంపితే బహుమతి ఇచ్చే పెద్ద రాక్షసుడు) దగ్గరికి వెళ్లేముందు పక్క లేన్లలో (దారుల్లో) క్రీప్స్‌ని (వాటంతటవే నడిచే చిన్న సైనికుల్ని) వాళ్ల టవర్ల దాకా తోసేస్తారు. అది కూడా ఇదే లెక్క. టవర్ కాపాడుకుంటావా, రోషన్ కోసం వస్తావా, రెండూ కుదరవు అని వాళ్లను ఇరకాటంలో పెట్టడం.

2013 ఆగస్టులో సియాటిల్‌లో జరిగిన ది ఇంటర్నేషనల్ (డోటా 2 ప్రపంచ పోటీ) ఫైనల్ చూడనివాళ్లు ఐదో గేమ్ ఒక్కటైనా చూడండి. అలయన్స్, నావి జట్లు చెరో రెండు గేమ్‌లు గెలిచి ఉన్నాయి. ఎదురెదురు యుద్ధంలో నావిది పైచేయి అనిపించే ఆట అది. కానీ అలయన్స్ ఆటగాడు అడ్మిరల్‌బుల్‌డాగ్ నేచర్స్ ప్రాఫెట్ అనే హీరోతో లేన్లు తోస్తూనే ఉంటాడు. చివర్లో నావి ఆటగాళ్లు అలయన్స్ బేస్ వైపు ఉండగా ఇటు వాళ్ల సొంత బేస్ కూలుతోంది. వాళ్లు వెనక్కి టెలిపోర్ట్ అవబోతుంటే (మాయమై బేస్‌లో తేలబోతుంటే) అలయన్స్‌కే చెందిన ఎస్4 పక్ హీరోతో డ్రీమ్ కాయిల్ అనే మంత్రం వేసి ఇద్దరి టెలిపోర్టులు ఆపేశాడు. అందరూ ఆ కాయిల్ గురించే మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. నన్ను ఆకట్టుకున్నది దానికి ముందు జరిగింది. నావి ప్రతిసారీ పోరాడాలా, ఇంటికి పోవాలా అని తేల్చుకోవలసి వచ్చేలా అలయన్స్ మ్యాప్‌ని సాగదీసింది. పులి-మేక ఆటలో మేకలు పులిని చంపలేవు, కదలకుండా కట్టేస్తాయి అంతే. ఆ రోజు అలయన్స్ ఆడింది మేకల ఆట.

మేం సాధన ఎలా చేస్తామో చెబుతాను, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి. ఓడిన మ్యాచ్ డెమో పెట్టి, రాడార్‌ని వీలైనంత పెద్దది చేసి, తెరలో మిగతా భాగాన్ని ఒక అట్టముక్కతో మూసేస్తాను. తుపాకులు, హెడ్‌షాట్లు ఏమీ కనబడవు, పది చుక్కలు మాత్రమే. ప్రతి రౌండ్‌లోనూ 40 సెకన్ల దగ్గర ఒకసారి, 80 దగ్గర ఒకసారి ఆపుతాను. అవతలివాళ్లు ఎక్కడ ఉండరని ఆ క్షణంలో మనకు ఖాయంగా తెలుసు? ఒక్కొక్కరూ ఒక్కో చోటు చెప్పాలి. మొదట్లో మా వాళ్లకు ఇది పరమ బోర్. స్నైపర్ అయితే తన షాట్లు కనబడట్లేదని అలిగాడు. కానీ చుక్కలు అబద్ధం చెప్పవు. మా ముగ్గురి చుక్కలు ర్యాంప్ దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒకే మూలకు చూస్తున్నాయి. కష్టపడి గెలిచిన మిడ్‌ని అందరం వదిలేసి 'ఏ' సైట్ వైపు పరుగెత్తాం, పది సెకన్లకు అదే మిడ్ నుంచి వాళ్ల చుక్క మా వీపుల వెనక తేలింది. ఇలాంటివి ఆటలో ఉన్నప్పుడు 'ఎయిమ్ (గురి) తప్పింది' లాగే అనిపిస్తాయి.

దీనివల్ల మా కాల్స్ కూడా మారాయి. ఇదివరకు 'షార్ట్‌లో ఒకడున్నాడు' అనే చెప్పేవాళ్లం. ఇప్పుడు 'షార్ట్ ఖాళీ, నేను చూస్తున్నా' అని కూడా చెబుతాం. 'నేను చూస్తున్నా' అన్నది ముఖ్యం. ఖాళీ అని చెప్పి కళ్లు తిప్పేస్తే ఆ మాటకు ఆయుష్షు మూడు నాలుగు సెకన్లే. కళ్లు తిప్పేటప్పుడు 'షార్ట్ వదిలేస్తున్నా' అని కూడా చెప్పాలి. మా వాళ్లకు ఈ రెండోది ఇంకా అలవాటు కాలేదు, మధ్యమధ్యలో నేనే అడుగుతుంటాను, టెన్షన్‌లో ఉన్నప్పుడు తిట్లు తింటుంటాను.

ఇదంతా ప్రతి రౌండ్‌కీ పనికిరాదు. చేతిలో పిస్టల్స్ తప్ప ఏమీ లేని ఎకో రౌండ్‌లో మిడ్ కోసం ఓపిగ్గా తిరిగితే దూరం నుంచి రైఫిల్స్‌తో ఒక్కొక్కర్నే ఏరేస్తారు. స్మోకులు లేకుండా నెమ్మదిగా ఆడటం అవతలివాళ్లకు కిల్స్ దానం చేయడమే. అలాంటప్పుడు నా కాల్ ఒక్కటే ఉంటుంది: ఐదుగురూ అపార్ట్‌మెంట్స్ నుంచి, ఆగకుండా, బి రష్. స్నైపర్‌కి అలాంటి రౌండ్లంటే చాలా ఇష్టం.